ఏడు జేబులు

నా చీరకు జేబు లేదు.
చిల్లరైనా నోటైనా కొంగుముడిలోనే.
అలాంటిది నా నోట్లో జేబులున్నాయని
కొత్తపేటలో డాక్టరు తహసీనమ్మ చెబితే
నవ్వొచ్చింది.
నవ్వితే నెత్తురొచ్చింది.

సన్నటి ఇనుపపుల్ల
పంటికీ చిగురుకీ నడుమ దించి
"మూడు. మూడు. ఐదు. ఆరు" అంటోంది ఆమె,
పక్కనమ్మాయి రాసుకుంటోంది.
అచ్చం మిర్చి యార్డులో వేలంపాట.
కాకపోతే ఇక్కడ అంకె పెరిగేకొద్దీ
నష్టం నాది.
"ఏడు" అంది ఒకచోట.
పాట అక్కడ కొట్టేశారు.

చిగురంటే కొమ్మకు వచ్చేదే అనుకునేదాన్ని.
నోట్లోనూ ఉంటుందనీ
దానికీ తెగులు పడుతుందనీ
యాభై రెండేళ్ళకు తెలిసింది.

ఇరవై ఏళ్ళుగా తొడిమలు తీస్తున్నా, కిలోకింతని.
చేతుల మంట రాత్రికి మజ్జిగతో దిగిపోతుంది.
పళ్ళ సలుపుకు రాత్రే పొద్దు.
పంటి బిగువున లాక్కొచ్చా బతుకుని,
ఆ పళ్ళే వదులైతే దేంతో బిగబట్టను?
కచ్చిక అయింది, ఉప్పు అయింది, లవంగనూనె అయింది.
ఇరుక్కున్న మెతుకుని తొడిమతోనే పొడిచేదాన్ని.
చేతిలో ఉండేది అదే మరి.

గార అంతా గీకేశాక
పట్టకారుతో ఎత్తి చూపించింది.
మిరపగింజంత రేకు.
రంగూ అదే, తాలుకాయ గింజ రంగు.
"దీన్ని జేబులో పెడతా ఎస్తేరమ్మా,
మళ్ళీ తీసే పన్లేదు.
పది రోజులు అక్కడే కూర్చుని
కొంచెం కొంచెం కరుగుతూ
పురుగుని కాస్తుంది."
"మా తమ్ముడి చేలో డ్రిప్పు లాగానా?" అన్నా.
కాస్త ఆలోచించి
"డ్రిప్పు లాగే" అంది.

కొంచెం కొంచెంగా తీసుకుపోయేవాళ్ళే నాకు తెలుసు,
రోజూ దీపాలవేళ సైకిలు మీదొచ్చే
డైలీ ఫైనాన్సు వీరాస్వామి లాగా.
కొంచెం కొంచెంగా ఇచ్చేదాన్ని
ఇదే చూడటం.

ఒక్కో రేకు నా మూడు రోజుల కూలి.
జేబులు ఏడు.
ముడి విప్పి లెక్కేస్తే
మూడింటికే ఉంది.

"లోతుగా ఉన్న కుడివైపు దంతాలు ముందు" అంది.
రెండింటికి సరే అన్నా.
మూడోది నేనే వేలుపెట్టి చూపించా,
కింది వరసలో ఊగే ముందుపన్ను.
"అది ఐదే కదమ్మా?"
ఐదే.
మా మనవరాలు కెజియాకి
సరిగ్గా అక్కడే మొన్న మొదటి పన్ను పొడిచింది.
గుండెల మీదెక్కి
తనది తడుముకుని, నాది పట్టుకుని లాగి చూస్తది.
ఇంకొన్నాళ్ళు లాగనీ.

పది రోజులు పుల్ల పెట్టొద్దంది, దారం పెట్టొద్దంది.
తొడిమ తుంచిన ప్రతిసారీ
చెయ్యి దానంతటదే నోటికి పోయేది,
సగంలో ఆపేదాన్ని.
కాటా దగ్గర్నుంచి మేస్త్రి సుభానీ
"ఏంది పిన్నీ, సరుకు తింటన్నావా?" అని అరిచాడు.
అందరూ నవ్వారు.
నేను పన్నెత్తి మాటనలేదు.
లోపల పని జరుగుతోంది.

కాస్త చేదు.
గోంగూరకు రుచి తెలీలేదు నాలుగు రోజులు.
రేకు ఏ పూట కరిగిపోయిందో
నాకు చెప్పి పోలేదు.
పదకొండో రోజు తెల్లారి కాలవలో ఉమ్మితే
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
నమ్మక మళ్ళీ ఉమ్మా.

మూడు నెలలకు మళ్ళీ ఇనుపపుల్ల.
ఏడు ఐదైంది. ఆరూ ఐదైంది.
ముందుపన్ను నాలుగు.
"తగ్గింది" అంది డాక్టరమ్మ.
పోయింది అనలేదు.
అలా అనకపోవడమే నాకు నచ్చింది.

ఇంకా నాలుగు జేబులు ఖాళీ.
యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చేలోపు
కొంగుముడి బరువెక్కాలి.
అందాకా
అన్నం కుడివైపు నములుతా.